గులాబీ స్వయంగా హాజరు కావలెను

నా భార్య నాటిన గులాబీని నామవనం వాళ్ళు చంపారు. ఇందులో అనుమానం లేదు. వాళ్ళు మాత్రం అది ఎనభై ఆరు వరదలోనే చచ్చిందంటారు. కాగితం మీద అలాగే ఉంది. నా పెరట్లో అది నిరుటి మాఘం దాకా పూసింది. ఎవరి మాట నమ్ముతారో మీ ఇష్టం. మీరు నమ్మినంత మాత్రాన నాకు వచ్చేదేమీ లేదు.

జరిగింది ఒక్కసారి చెబుతాను.

నా పేరు కడలి నూకరాజు. కాలవ లాకు దగ్గర ముప్ఫై నాలుగేళ్ళు లస్కరుగా పనిచేశాను. తలుపులు ఎత్తమంటే ఎత్తాను, దించమంటే దించాను. మా ఊరి బడిలో ఐదు దాకా చదివాను. అబద్ధం ఆడితే మాస్టారు వేలి కణుపుల మీద కొట్టేవారు. నాకు బాగా ఒంటబట్టిన చదువు అదొక్కటే. ఈ గొడవకి మూలం కూడా అదే.

నా భార్య పుణ్యవతి. పెళ్ళయిన రెండో ఏడు కాలవ బంగళా పెరట్లో ఆమె ఒక గులాబీని చూసింది. తెల్లదొరల కాలంలో ఎవరో ఇంజినీరు భార్య నాటిందని చెప్పుకునేవారు. లేత రంగు, లెక్కలేనన్ని రేకలు, ముళ్ళు తక్కువ. తన బరువు తానే మోయలేక పువ్వు తల వంచేసేది. వాసన మాత్రం వీధి మొదట్లోకే వచ్చేది. కాపలాదారుని అడిగి ఒక కొమ్మ తెస్తానన్నాను.

"అడిగి తెచ్చిన కొమ్మ నాటుకోదండి. దొంగిలించి తెస్తేనే బతుకుద్ది" అంది.

మా వైపు ఆడవాళ్ళు చాలామంది నమ్మే మాట ఇది. అన్ని విషయాల్లోనూ నీతిగా ఉండేవాళ్ళు కూడా మొక్కల దగ్గర దొంగలే. కాపలాదారు భార్యతో కబుర్లు చెబుతూనే ఆమె జానెడు కొమ్మ విరిచి కొంగులో చుట్టింది. ఇంటికొచ్చి కింది కొసని కత్తిపీట మీద ఏటవాలుగా కోసింది. పై కొసకి పేడముద్ద పెట్టింది. నీళ్ళ బాన పక్కన, తడి ఆరని చోట గుచ్చింది. ఇరవై రోజులకి చిగురు వేసింది.

"చూశారా" అంది.

ఆ తరవాత నలభై ఏళ్ళు, మొదటి మొగ్గ విచ్చినప్పుడల్లా ఆ మాట అంది.

పోయేముందు ఆమె నన్ను ఒకటే కోరింది. "నా తద్దినానికి మా కాసులమ్మకి పసుపూ కుంకంతో పాటు ఆ పువ్వివ్వండి. మీరు మర్చిపోతారు."

నేను మరిచిపోలేదు. రెండేళ్ళు ఇచ్చాను. కాసులమ్మ ఆమె చెల్లెలు. రెండు వీధుల అవతల ఉంటుంది. నోరు పెద్దది.

మూడో ఏడు నామవనం అనే సర్కారు పథకం వచ్చింది.

పేరు లేని మొక్క దిక్కులేని మొక్క అని పైన ఎవరికో తోచింది. ఏ ఇంట్లో ఏ మొక్క ఉన్నా దానికి శాస్త్రీయ నామం, సంఖ్య, రేకు బోర్డు ఉండాలన్నారు. నూటికి నూరు మొక్కలకీ పేరు తేల్చిన మొదటి ఊరికి సన్మానం అన్నారు. మా ఊరు ఊగిపోయింది. కరివేపాకు చెట్టుకి బోర్డు పెట్టారు. దాని మీద రాసింది చదవగలిగినవాడు ఊళ్ళో లేడు. బోర్డు చూశాక రెబ్బ అడగడానికి పక్కింటావిడ మొహమాటపడింది. పంచాయతీ ఆఫీసు గోడ పగుల్లో రావి మొలిచింది. గోడ కూలుతుంది, పీకెయ్యండని పదేళ్ళుగా అర్జీలు పెడుతున్నారు. దానికీ పేరొచ్చింది. పేరొచ్చిన మొక్కని పీకరాదు. అంచేత గోడవైపు ఎవరూ నడవొద్దని ఇంకో బోర్డు పెట్టారు.

మా ఇంటికి వచ్చినవాడి పేరు త్రినాథ్. క్షేత్ర నామ సహాయకుడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ఫోను.

"పేరండీ?"

"నూకరాజు."

"మీది కాదండి. మొక్కది."

"గులాబీ."

"గులాబీ అంటే ఇంటిపేరండి. అసలు పేరు కావాలి. మా జాబితాలో నాలుగొందల పన్నెండు గులాబీలున్నాయండి. ఇదేది?"

"నాటు గులాబీ అంటారు."

"నాటు అనేది పేరు కాదండి, పరిస్థితి."

ఫోనుతో పువ్వుని ఫోటో తీశాడు. ఫోను కాసేపు ఆలోచించింది. త్రినాథ్ దాన్ని ఎండకి అడ్డంపెట్టి చూశాడు.

"అరవై ఒక్క శాతం క్యాబేజీ అంటోందండి."

"వండుకోమంటావా?"

నవ్వలేదు. కొమ్మకి ఒక చీటీ కట్టాడు. దాని మీద 'నామరహితం' అని ఉంది.

"ఇంక పువ్వు కొయ్యకండి. నిబంధన ఏడు. పేరు తేలేదాకా పువ్వు సాక్ష్యం కింద లెక్క."

"మాఘ బహుళ పంచమికి నాకు పువ్వు కావాలి. నా భార్య తద్దినం."

"ఎన్నాళ్ళుందండి?"

"నెల."

"ఈలోగా తేలిపోద్దిలెండి" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు కాసులమ్మ వచ్చి చీటీ చూసింది.

"ఏంటి బావా, మొక్కకి తాయెత్తు కట్టించావా? దిష్టి తగిలిందా?"

చెప్పాను.

"పేరెందుకంట? రేషన్ కార్డులో ఎక్కిత్తారా?"

ఆవిడ మాటలకి నేను జవాబు చెప్పను. అలవాటు లేదు.

వారం తరవాత నన్ను జిల్లా కేంద్రానికి పిలిచారు. అక్కడ పుష్పనామ నిర్ధారణాధికారి డాక్టర్ విశ్వంభరం గారి గది. చలి మిషను పెట్టిన గది. బల్ల మీద ప్లాస్టిక్ గులాబీలు. పక్కన రాసుకోవడానికి గుమాస్తా.

"నూకరాజు గారూ, పేరు తెలియని మొక్క సమాజానికి ఒక ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబే ఈ కార్యాలయం" అన్నాడు విశ్వంభరం గారు. "మీ శ్రీమతి గారు సదరు మొక్కను ఏమని సంబోధించేవారు?"

"ఏమనీ పిలిచేది కాదండి."

"నలభై సంవత్సరాలు పెంచారు. ఏదో ఒక పేరు పెట్టి పిలిచి ఉంటారు."

"నన్నూ ఏ పేరు పెట్టీ పిలవలేదండి. నలభై ఏళ్ళు కాపురం చేసింది."

గుమాస్తా రాసుకున్నాడు. తలకిందులుగా కనిపిస్తున్నా చదివాను. 'సంబోధన: లేదు. భర్తకు సైతం లేదు.'

"సరే. మొక్క ఎక్కడి నుంచి సేకరింపబడినది?"

"కాలవ బంగళా పెరట్లోంచి."

"ఏ విధంగా?"

మాస్టారు గుర్తొచ్చారు.

"దొంగతనంగా."

గుమాస్తా కలం ఆగింది. నామీద కేసు పెడతారనుకున్నాను. విశ్వంభరం గారు కుర్చీలోంచి లేచి నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

"మూలం దొరికింది! ఇంతవరకు మాకు మూలం చెప్పినవారు ఒక్కరూ లేరు. అందరూ సంతలో కొన్నామంటారు." మళ్ళీ కూర్చున్నాడు. "వినండి. గింజతో మొలిచినది బిడ్డ. కొమ్మతో మొలిచినది బిడ్డ కాదు. అదే మొక్క. కావున మీ పెరట్లో ఉన్నదీ, బంగళాలో ఉన్నదీ రెండు కావు. ఒకే మొక్క. ఇది నా అభిప్రాయం కాదు, శాస్త్రం."

తరవాత నేను తెలిసినవాళ్ళని విచారించాను. శాస్త్రంలో అలాగే ఉందట. శాస్త్రాన్ని నేను తప్పు పట్టను. అది వీళ్ళ చేతిలో పడింది, అంతే.

బంగళా రికార్డు తెప్పించారు. మళ్ళీ నన్ను పిలిచారు. ఆ పుస్తకంలో బంగళా ఆస్తుల పట్టీ ఉంది. కుర్చీలు నాలుగు. పంకా ఒకటి. గులాబీ ఒకటి. గులాబీకి ఎదురుగా ఎర్ర సిరాతో 'ఎనభై ఆరు వరదలో నశించినది' అని రాసి, సంతకం చేసి ఉంది.

విశ్వంభరం గారు లేచి నిలబడ్డాడు. గుమాస్తా కూడా నిలబడ్డాడు.

"చెప్పడానికి విచారిస్తున్నాను. మీ మొక్క చనిపోయింది, నూకరాజు గారూ. ముప్ఫై ఎనిమిదేళ్ళ క్రితం. మా ప్రగాఢ సానుభూతి."

"పొద్దున్న పదకొండు పూలున్నాయండి."

"పూయడం వేరు, జీవించి ఉండడం వేరు. మొదటిది ప్రకృతికి సంబంధించినది. రెండవది రికార్డుకు సంబంధించినది."

"పోనీ ఏదో ఒక పేరు పెట్టేయండి. నాకు పంచమికి పువ్వు కోసుకునే అనుమతి చాలు."

"మరణించిన వాటికి నామకరణం చేయడానికి నిబంధన లేదు."

"చచ్చిన మొక్కే అయితే పువ్వు కోస్తే తప్పేంటండి?"

"లేని మొక్క నుంచి పువ్వు కోయడం అసాధ్యం. అసాధ్యమైన పనికి అనుమతి ఇచ్చానని రేపు తనిఖీలో నన్ను పట్టుకుంటారు."

పంచమి ఇంకా రెండు వారాలుంది.

నేను పెన్షనుదారుని. ఏటా నవంబరులో వెళ్ళి బతికే ఉన్నానని చెప్పి వస్తాను. చెప్పకపోతే చచ్చినట్టు లెక్క. వేలిముద్ర పడకపోతే సగం చచ్చినట్టు. అది గుర్తొచ్చి అడిగాను.

"మాకిచ్చే బతికున్న సర్టిఫికెట్టు దానికీ ఇవ్వండి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. విశ్వంభరం గారి కళ్ళు మెరిశాయి.

"మొక్కలకు జీవన ధ్రువపత్రం! రాష్ట్రంలో ప్రథమం! గుమాస్తా గారూ, తక్షణం దస్త్రం తెరవండి."

మూడు రోజులకి కాగితం వచ్చింది. 'మరణించిన సదరు గులాబీ తాను జీవించి యున్నట్లు నిరూపించుకొనుటకు వచ్చే సోమవారం ఉదయం పదకొండు గంటలకు ఈ కార్యాలయమునకు స్వయంగా హాజరు కావలెను. హాజరు కానిచో మరణించినట్లు మరల పరిగణింపబడును.'

త్రినాథ్‌కి ఫోను చేశాను.

"తవ్వి తెమ్మంటారా?"

"స్వయంగా అంటే అంతేకదండి మరి."

"నలభై ఏళ్ళ మొదలు. తవ్వితే చస్తుంది."

"చస్తే రికార్డు సరిపోద్దండి."

త్రినాథ్ చెడ్డవాడు కాదు. ఉన్నమాట చెప్పాడు. నేను క్షమించలేదు, అది వేరే సంగతి.

ఆ కాగితం కాసులమ్మకి చదివి వినిపించాను. ఆవిడ బుగ్గ మీద వేలు పెట్టుకుని విన్నది.

"కొమ్మా మొక్కా ఒకటేనని అన్నది ఆళ్ళే కద బావా?"

"అవును."

"అయితే ఓ కొమ్మట్టుకెళ్ళు. ఇదిగో మొక్కొచ్చిందని చెప్పు. కాదంటే ఆళ్ళ మాట ఆళ్ళే కాదన్నట్టు."

నా పాటి చదువు కూడా లేని మనిషి. ఆ గదిలో ఉన్న చదువులన్నిటికంటే ఆవిడ మాటే సరిగ్గా ఉంది. కొమ్మ కొయ్యొద్దని నిబంధనల్లో ఎక్కడా లేదు. పువ్వు ఒక్కటే కొయ్యకూడదు.

సోమవారం పొద్దున్నే కాసులమ్మ చాకు పట్టుకొచ్చింది. మొగ్గ లేని కొమ్మ చూసి ఒక్కటి కొయ్యమన్నాను. చొక్కా తొడుక్కోవడానికి లోపలికి వెళ్ళాను. ఆవిడ పెరట్లో ఎంతసేపు ఉందో నేను చూడలేదు. తడిగుడ్డలో చుట్టిన కొమ్మ నా చేతిలో పెట్టి, వెళ్ళొస్తానని కూడా అనకుండా గబగబా పోయింది.

బస్సులో కొమ్మని ఒళ్ళో పెట్టుకున్నాను. ఆఫీసు వరండాలో బంట్రోతు మూడుసార్లు పిలిచాడు.

"గులాబీ! గులాబీ! గులాబీ హాజరా?"

"హాజర్" అన్నాను.

కొమ్మని బల్ల మీద పరిచారు. గుర్తింపు చిహ్నాల దగ్గర 'ఎడమవైపు ముల్లు ఒకటి' అని రాశారు. వేలిముద్రకి బదులు ఒక ఆకుని సిరాలో అద్ది కాగితం మీద ఒత్తారు. ఒకసారి సరిగా పడలేదు. రెండో ఆకు ఒత్తారు. ఫోటో తీసేటప్పుడు గుమాస్తా కొమ్మని తిన్నగా నిలబెట్టి పట్టుకున్నాడు. పదకొండూ పదికి విశ్వంభరం గారు సంతకం చేశాడు. గులాబీ బతికే ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను కూడా కొట్టాను. ఆ సంగతి దాచను.

"పంచమికి పువ్వు కోసుకోవచ్చా అండి?"

"ఏ మొక్క నుంచి?"

"మా పెరట్లో దాన్నుంచి."

విశ్వంభరం గారు నన్ను జాలిగా చూశాడు.

"మొక్క ఇక్కడికి స్వయంగా హాజరైంది కదా. మీరే తెచ్చారు, మీరే హాజరు పలికారు. ఒకే మొక్క ఒకే సమయంలో రెండు చోట్ల ఉండరాదు. ఇక్కడున్నది అసలు. కావున మీ పెరట్లో ఉన్నది నకలు. నకళ్ళను ఇళ్ళలో ఉంచుకోరాదు."

"కొమ్మ ఇచ్చెయ్యండి. పట్టుకుపోతాను."

"ఇకపై ఇది కార్యాలయ సంరక్షణలో ఉంటుంది."

మంచినీళ్ళ గ్లాసులో కొమ్మని పెట్టి ప్లాస్టిక్ గులాబీల పక్కన ఉంచాడు. నేను వట్టి తడిగుడ్డతో ఇంటికి వచ్చాను.

చవితినాడు నలుగురు వచ్చారు. రెండు గునపాలు, ఒక కెమెరా, 'నకలు తొలగింపు కార్యక్రమం' అని రాసిన గుడ్డ. నలుగురిలో త్రినాథ్ ఒకడు. నా మొహం చూడలేదు.

"ఒక్కరోజు ఆగు బాబూ. రేపు ఒక్క పువ్వు కోసుకుంటాను. తరవాత మీరు తవ్వుకోండి. నేనే తవ్విపెడతాను" అన్నాను.

నా జన్మలో ఎవరినీ బతిమాలలేదు. లాకు దగ్గర పెద్ద ఇంజినీరుని కూడా బతిమాలలేదు.

"రేపు రెండో శనివారమండి. ఎల్లుండి ఆదివారం. సోమవారం అయితే గడువు దాటిపోద్దండి" అన్నాడు త్రినాథ్, గునపంతో మాట్లాడుతున్నట్టు.

ముందు పూలు కోశారు. పదకొండూ లెక్కపెట్టి కవర్లో వేసి లక్క సీలు కొట్టారు. కాగితంలో 'పూలు జతపరచడమైనది' అని రాసుకున్నారు. తరవాత తవ్వారు. వేళ్ళు బాన కింద దాకా పోయాయి. బాన పగిలింది. అది ఆమె కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న బాన. మొదలు బయటికి వచ్చాక నా కాళ్ళ ముందే పడేశారు.

నేను వంగి చూశాను. గునపం దెబ్బలు అక్కడక్కడా ఉన్నాయి. అవి కాక ఏటవాలు కోతలు రెండున్నాయి. శుభ్రంగా, చాకుతో కోసినవి. నేను ఆఫీసుకి తీసుకెళ్ళింది ఒక్క కొమ్మ.



పంచమినాడు కాసులమ్మ వచ్చింది. పసుపు, కుంకం, రవికె గుడ్డ పళ్ళెంలో పెట్టి ఇచ్చాను. పువ్వు పెట్టే చోటు ఖాళీగా ఉంది. ఆవిడ పెరటివైపు చూసి, గోతిని చూసి నోరు మూసుకుంది. అంతసేపు ఆ నోరు మూసుకుని ఉండడం అదే మొదలు.

"మా అక్కేమీ అనుకోదులే బావా" అంది చివరికి.

"అనుకుంటుంది" అన్నాను.

సోమవారం విశ్వంభరం గారి ఆఫీసు తెరిచారు. రెండు రోజులు గ్లాసులో నీళ్ళు లేవు. శుక్రవారం సాయంత్రం ఊడ్చే మనిషి గ్లాసు కడిగి బోర్లించిందట. కొమ్మని బల్ల మీదే పెట్టిందట. పద్ధతిగల మనిషి. నాకు ఉత్తరం వచ్చింది.

'సదరు గులాబీ కార్యాలయ సంరక్షణలో యుండగా మరణించినది. తద్వారా ఎనభై ఆరు నాటి రికార్డు సరియైనదేనని రుజువైనది. ఈ విషయమున మీరందించిన సహకారమునకు కృతజ్ఞతలు.'

మా ఊళ్ళో పేరు లేని మొక్క ఇంక మిగల్లేదు. నూటికి నూరు వచ్చింది. గోతి దగ్గర రేకు బోర్డు పాతారు. దాని మీద ఒక సంఖ్య, దాని కింద 'ఇచట మొక్క లేదు' అని ఉంది. పంచాయతీ దగ్గర సభ పెట్టారు, పగిలిన గోడకి దూరంగా. నాకు శాలువా కప్పారు. విశ్వంభరం గారు ప్లాస్టిక్ గులాబీల గుత్తి చేతిలో పెట్టాడు. దానికి చీటీ ఉంది. చీటీ మీద పేరుంది, సంఖ్య ఉంది, నీళ్ళు పోయనక్కరలేదని కూడా ఉంది. దాన్ని కుర్చీ మీదే వదిలేసి వచ్చాను. మర్నాడు త్రినాథ్ ఇంటికి తెచ్చి ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు.

ఇది జరిగి ఏడాదైంది.

మొన్న మాఘ బహుళ పంచమికి పళ్ళెం సర్దుకుని అరుగు మీద కూర్చున్నాను. పసుపు, కుంకం, రవికె గుడ్డ. కాసులమ్మ ఇంకా వీధి మొదట్లోనే ఉంది. నాకు వాసన వచ్చింది. నేను తల ఎత్తలేదు. ఆవిడ మెట్లెక్కి నా ఎదురుగా నిలబడ్డాక చూశాను. తలంటు పోసుకుని జడ వేసుకుంది. జడలో ఒక పువ్వుంది. లేత రంగు. లెక్కలేనన్ని రేకలు. బరువుకి తల వంచేసింది.

పళ్ళెం అందించాను.

"పువ్వివ్వలేదేం బావా?" అంది.

"ఉంది కదా."

"చూశావా" అంది.

అచ్చం వాళ్ళక్కలాగే అంది.

అది ఏ పువ్వని నేను అడగలేదు. ఎక్కడ కోసిందనీ అడగలేదు. రెండు వీధుల అవతలే ఉన్నా వాళ్ళ పెరట్లోకి నేను వెళ్ళలేదు, వెళ్ళను. మా పెరట్లో మొక్క మాత్రం చచ్చింది. రికార్డు ప్రకారం రెండుసార్లు, నా ప్రకారం ఒకసారి. ఆ ఒక్కసారి చాలు. వాళ్ళలో ఒక్కణ్ణి కూడా నేను క్షమించలేదు.

నామవనం వాళ్ళు మళ్ళీ వస్తున్నారట, రెండో విడత. రానివ్వండి. ఎవరైనా అడిగితే అబద్ధం ఆడడం నాకు చేతకాదు. అందుకని ఎవరూ నన్ను అడగకండి. దీని గురించి నేను ఇక నోరు విప్పను.